శిలావతి వంతెన మోసినవాడు

మణిమంత రాజ్యాన్ని శిలావతి నది రెండుగా చీల్చి ప్రవహించేది. ఉత్తరాన కొండసీమ, దక్షిణాన మైదానమూ రాజధానీ. కొండసీమవాళ్లకు ఉప్పు కావాలన్నా, బట్ట కావాలన్నా, జబ్బు చేస్తే వైద్యుడు కావాలన్నా నది దాటి రావలసిందే. దాటడానికి ఉన్నది ఒకే ఒక కొయ్య వంతెన. ఆ రాజ్యాన్ని ఏలే ధర్మకేతు మహారాజు ముత్తాత కాలంలో కట్టింది. నూరేళ్ల ఎండకూ వానకూ దాని దూలాలు పుచ్చిపోయాయి, పలకలు వదులయ్యాయి. బండి ఎక్కితే చాలు, వంతెన మొత్తం మూలిగేది.

ఆ వంతెనకు మరమ్మతులు చేసే వడ్రంగి పేరు గంగులు. ఆయనకు భార్య సూరమ్మ, పదహారేళ్ల కూతురు పైడి ఉండేవాళ్లు. ఒకనాడు సూరమ్మ, "నడిమి పలక ఊగుతోంది, మార్చకూడదూ?" అన్నది.

"వానాకాలం దాటేదాకా ఆగుతుందిలే," అన్నాడు గంగులు.

నాలుగు రోజులకు సూరమ్మ పసుపు గంప ఎత్తుకుని సంతకు పోతూండగా ఆ పలకే విరిగింది. నది వరద మీద ఉంది. ఆమె శవం కూడా దొరకలేదు.

ఆనాటి నుంచి గంగులు బాడిస పట్టలేదు; విరిగిన పలకను కూడా వేరే వడ్రంగే మార్చాడు. పైడి తండ్రికి వేళకు అన్నం పెట్టేది. అంతేగాని ఆయనతో ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు.

సూరమ్మ చావు సంగతి విని రాజు చాలా బాధపడ్డాడు. పాత వంతెన పక్కనే రాతి వంతెన కట్టమని ఆజ్ఞాపించాడు. శిల్పులు ఏటి నడుమ స్తంభం లేపారు. అది నీటికి పైన నిలువెత్తు లేచేసరికి కుప్పకూలిపోయింది. మళ్లీ కట్టారు, మళ్లీ కూలింది. మూడోసారి కూలినప్పుడు శిల్పులు ఉలులు మూటగట్టుకుని వెళ్లిపోయారు. నదికి ఏదో శాపం ఉందనీ, ఆ రహస్యం నది పుట్టిన కొండ మీద తపస్సు చేసుకునే యోగినికి తెలుసుననీ ముసలివాళ్లు చెప్పారు. ఆమె దగ్గరకు పోయి వచ్చినవాళ్లు కోరిన కోరిక తీరుస్తానని రాజు చాటింపు వేయించాడు. పోయినవాళ్లంతా దారిలో మడుగు దాటలేక తిరిగి వచ్చేశారు.

కార్తీకమాసంలో ఒక ఉదయం పైడి అటుకుల మూట కట్టుకుని బయలుదేరింది. గంగులు గుమ్మందాకా వచ్చి నిలబడ్డాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

తొమ్మిది రోజులు అడవిలో నడిచాక దారికి అడ్డంగా నల్లటి మడుగు వచ్చింది. అందులోంచి పెద్ద మొసలి ఒకటి తల పైకెత్తి, "పిల్లా, నా వీపు మీద ఎక్కు. ఒక ప్రశ్న అడుగుతాను. నిజం చెబితే దాటిస్తాను. లేకపోతే ముంచేస్తాను," అన్నది.

పైడి ఎక్కింది. మడుగు మధ్యకు పోయాక మొసలి, "నీ గుండెలో అంత బరువేమిటి?" అని అడిగింది.

"మా అమ్మ చచ్చిపోయింది."

"అది సగమే," అంటూ మొసలి మునగసాగింది. నీళ్లు పైడి మెడదాకా వచ్చాయి.

"మా నాన్న మీద కోపం!" అని అరిచింది పైడి. "అమ్మ చెప్పినా ఆయన పలక మార్చలేదు. ఏడాదిగా ఆయన ముఖం చూసి మాట్లాడలేదు. ఆయన ఒక్కడే కూర్చుని ఏడుస్తూంటే చూసి కూడా పలకరించలేదు. నాకు నామీదే అసహ్యంగా ఉంది."

మొసలి మెల్లిగా పైకి తేలి, ఆమెను అవతలి ఒడ్డున దించింది.

కొండ మీద గుహ ముందు యోగిని ధుని వేసుకుని కూర్చుని ఉంది. పైడిని చూసి, "మూడు రోజులు ఈ నిప్పు ఆరకుండా చూడు. అప్పుడు మాట్లాడతాను," అని కళ్లు మూసుకుంది. ఆ సాయంత్రమే తుఫాను వాన పట్టుకుంది. పైడి ధుని మీదికి వంగి, తన వీపునే కప్పుగా చేసి మూడు రోజులూ నిప్పును కాపాడింది. ఆమె చేతులు బొబ్బలెక్కాయి.

నాలుగో రోజున యోగిని కళ్లు తెరిచి, "అమ్మాయీ, మీ వంతెన నూరేళ్లు నిలిచింది టేకు దూలాల బలంతో కాదు. కరాళుడనే రాక్షసుడు దాన్ని నీళ్ల అడుగున భుజాల మీద మోస్తున్నాడు. వాడు ఒకప్పుడు పడవలు ముంచేవాడు. మా గురువుగారు వాణ్ణి అక్కడ కట్టిపడేశారు. ఇప్పుడు వాడు ముసలివాడయ్యాడు, మోయలేకుండా ఉన్నాడు," అన్నది.

"విడిపించడం ఎలా తల్లీ?"

"ఆ వంతెన వల్ల అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు వాడి నుదుటి మీద చెయ్యి ఉంచి, 'నీ శిక్ష తీరింది' అనాలి. మనసులో ఏ మాత్రం పగ ఉన్నా నది ఇద్దరినీ మింగేస్తుంది. ఇంకో మాట. ఆ శాపమే వాడి ప్రాణాన్ని నిలబెడుతున్నది. అది తీరితే వాడు చనిపోతాడు." ఇలా చెప్పి ఆమె పైడికి ఒక వేరు ఇచ్చింది. అది నోట్లో ఉంటే నీళ్లలో ఊపిరి ఆడుతుంది.

పైడి తిరిగి వచ్చి, పట్టపగలే నదిలో దిగింది. అడుగున నాచుపట్టిన కొండలా కరాళుడు నిలబడి ఉన్నాడు. దూలాలు ఒరుసుకుని అతని భుజాలు పుండ్లు పడ్డాయి.

"పైడివి కదూ?" అన్నాడతను.

"నా పేరు నీకెలా తెలుసు?"

"మీ అమ్మ రోజూ నా మీదుగానే నడిచేది. నిన్ను పేరు పెట్టి పిలిచేది."

"మరి ఆమె పడిపోతుంటే ఏం చేశావు?"

"ఒక చెయ్యి చాచాను. వంతెన ఒరిగిపోయింది. పైన ఇంకా పన్నెండుమంది ఉన్నారు, చంటిపిల్లలు కూడా. చెయ్యి వెనక్కి తీసుకున్నాను."

"ఆఖరున అమ్మ ఏమైనా అన్నదా?"

"నీళ్ల హోరులో ఏమీ వినబడలేదు తల్లీ. విన్నానని చెప్పి నిన్ను మోసం చేయలేను."

పైడి అతని పుండ్లు పడ్డ భుజాల వైపు చూసి, "రాతి స్తంభాలు ఎందుకు కూలదోశావు?" అని అడిగింది.

"అవి కూడా నా భుజాల మీద పెట్టడానికే అనుకున్నాను. భయమేసింది."

"కాదు. నీ బరువు దించడానికే."

కరాళుడు తలవంచుకుని, "అయితే కట్టుకోండి. శాపం తీరితే నా ప్రాణం పోతుందని తెలుసు, పోనీ. కానీ నన్ను ఇప్పుడే విడిపిస్తే ఈ వంతెన పడిపోతుంది. కొత్తది పూర్తయ్యేదాకా కొండవాళ్లకు ఉప్పు ఎలా అందుతుంది? అంతవరకూ కదలకుండా మోస్తాను," అన్నాడు.

పైడి తడిబట్టలతోనే ఇంటికి పోయి, తండ్రి ఎదుట కూర్చుని అంతా చెప్పింది. గంగులు వెక్కివెక్కి ఏడుస్తూ, "నేను ఆ పలక మార్చి ఉంటే..." అన్నాడు.

"అవును నాన్నా, మార్చి ఉండాల్సింది," అన్నది పైడి. "అమ్మ ఇక రాదు. నాకున్నది నువ్వొక్కడివే. బాడిస తియ్యి. కొత్త వంతెన కమానుల కింద పెట్టే కొయ్య అచ్చులు నీకన్నా బాగా ఎవరు చేస్తారు?"

శిల్పులు తిరిగి వచ్చారు. ఆరు నెలలు పని సాగింది. ఒక్క స్తంభం కూడా కదలలేదు. పైడి రోజూ నదిలో దిగి, యోగిని చెప్పిన మూలికలతో కరాళుడి పుండ్లకు కట్లు కట్టేది. పైన ఆనాడు ఎన్ని రాళ్లు పేర్చారో చెప్పేది. అతను చిన్నపిల్లవాడిలా శ్రద్ధగా వినేవాడు. పని ముగింపుకు వస్తున్నకొద్దీ పైడికి అన్నం సహించకుండా పోయింది.

వైశాఖంలో కొత్త వంతెన పూర్తయింది. పాత వంతెన మీదికి ఎవరినీ రానివ్వకుండా రాజు భటులను కాపలా పెట్టాడు. పైడి చివరిసారి నదిలో దిగింది.

"నా మీద నీకు పగ పోయిందా?" అన్నాడు కరాళుడు.

"మొదట్లో ఉండేది. ఎప్పుడు పోయిందో నాకే తెలీదు," అని ఆమె అతని నుదుటి మీద చెయ్యి ఉంచింది. "నీ శిక్ష తీరింది."

కరాళుడు దూలాలను భుజాల మీద నుంచి జాగ్రత్తగా దించాడు. నూరేళ్ల తరవాత మొదటిసారి నడుము నిటారుగా నిలిపి, "ఎంత హాయిగా ఉంది!" అన్నాడు. తరవాత ఇసుకలో తల వాల్చాడు. అతని శరీరం మెల్లగా మట్టిగా కరిగి ప్రవాహంలో కలిసిపోయింది.

పైడి ఒడ్డుకు వచ్చేసరికి డప్పులు మోగుతున్నాయి. అంత సంబరంలో ఆమె ఎందుకు ఏడుస్తున్నదో తండ్రికి తప్ప ఎవరికీ అర్థం కాలేదు.

రాజు ఏం కావాలో కోరుకోమన్నాడు. "రాజ్యంలో ఉన్న ప్రతి వంతెననూ ఏటా పరీక్షించాలి ప్రభూ. పుచ్చిన పలకను ఆనాడే మార్చాలి. ఆ అధికారం నాకివ్వండి," అన్నది పైడి. రాజు ఆమెను వంతెనలన్నిటికీ అధికారిణిగా నియమించాడు. ఆమె ఆ పదవిలో ఉన్నంతకాలం ఆ రాజ్యంలో వంతెన విరిగి ఎవరూ చనిపోలేదు.

కరాళుడు విముక్తుడైన ఆ రోజు సాయంత్రమే కొత్త వంతెన మీద జనం నడవడం మొదలుపెట్టారు. గంగులు మాత్రం ఒడ్డునే ఆగిపోయాడు. పైడి ఆయన చెయ్యి పట్టుకుని నడిపించింది. నడిమికి వచ్చాక ఇద్దరూ ఆగి, కిందికి చూస్తూ నిలబడిపోయారు.

కాసేపటికి వెనక నుంచి ఒక బండివాడు, "అయ్యా, ఉప్పు బళ్లు ఆగిపోయాయి. చీకటిపడేలోగా కొండెక్కాలి. కాస్త జరుగుతారా?" అని పిలిచాడు.

"పోనీ నాయనా, పోనీ," అన్నాడు గంగులు కళ్లు తుడుచుకుంటూ. తండ్రీకూతుళ్లు పక్కకు జరిగి, బళ్ల వెంబడే నడుస్తూ అవతలి ఒడ్డుకు చేరుకున్నారు.