కొర్రపెంట పాతర

నా కథల్లో అబద్ధం వెతికినవాళ్ళు అలిసిపోయారే గానీ, ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. నల్లమలలో కొర్రపెంట పొలిమేర దగ్గర ఆ ముగ్గురికీ అడ్డొచ్చిన పులి, తోక వదిలేసి కొలిచినా జోడెద్దుల బండంత పొడుగు! అది గాండ్రించగానే మద్దిలేటి, అతని భార్య ఈరమ్మ, తమ్ముడు సుంకన్న ఒక్క ఉరుకున ఊళ్ళో పడ్డారు.

మనుషులు వదిలేసి ఎన్నో తరాలైన ఊరది. పోయేవాళ్ళు తమ బంగారాన్ని ఊరి పక్కనున్న గుహలో దాచిపోయారని మద్దిలేటి నమ్మకం. ఈరమ్మ కళ్ళకు మాత్రం మొండిగోడల మధ్య మిగిలిన రోళ్ళే కనబడ్డాయి. రోలు కూడా వదిలి వెళ్ళారంటే, ఏం చూసి పారిపోయారో!

గుహ నేల మీద ఒక బండ దొరికింది. దాని మీద చెక్కిన మనుషులు తలకిందులుగా, ఒకడి కాలు మరొకడు పట్టుకుని, వరుసగా లోపలికి దిగుతున్నారు.

"నిధి దించుతాండారు సూడే! ఎత్తరా సుంకా!" అరిచాడు మద్దిలేటి.

బండ లేచింది. పులిసిన జొన్నల వాసన గుప్పుమంది. వెనకటివాళ్ళు ధాన్యం దాచుకునే పాతర అది.

"తాడన్నా కట్టుకో, నీకు దండం పెడతా," అంది ఈరమ్మ.

"ఈ మాత్రం గుంతకు తాడా? నీ భయం తగలెయ్య!" నవ్వుతూ గోడ గాట్లలో కాళ్ళు పెట్టి దిగాడు. నవ్వు మధ్యలోనే తెగింది. కింద ధబ్బుమని చప్పుడు.

"అన్నా!" సుంకన్న దూకబోయాడు.

అప్పుడు తట్టింది ఈరమ్మకు. చిన్నప్పుడు వాళ్ళ అవ్వ, దీపం దించి చూడందే పాతరలోకి ఎవరినీ దిగనిచ్చేది కాదు. దీపం ఆరిందంటే లోపలి గాలి విషం. బండమీది మనుషులు నిధి దించడం లేదు. ఒకడి కోసం ఒకడు దిగి చచ్చిపోతున్నారు. మరిది నడుము రెండు చేతులా వాటేసింది.

"ఇడువు వదినా! మొగుడు సస్తాంటే సూస్తా నిలబడతావా?"

"నువ్వు గూడ దిగితే ఇంగ నేనెవర్ని పిలిసేది? లాంతరు దించు!"

సగం దిగేలోపే లాంతరు ఆరిపోయింది. ఆరేముందు, అడుగున పచ్చగా ఏదో తళుక్కుమంది. ఇద్దరూ చూశారు. ఇద్దరూ తాడే అందుకున్నారు.

ఉరి ముడేసిన తాడు విసిరి విసిరి, చివరికి అతని చెయ్యి చిక్కించుకుని లాగారు. పైకొచ్చిన మద్దిలేటిలో ఊపిరి లేదు.

బండ మూశాక సుంకన్న గడ్డపార మొనతో వరుస చివర ఇంకో మనిషిని గీశాడు. ఆ కొత్తవాడి కాలు ఎవరూ పట్టుకోలేదు. అన్నను భుజాన వేసుకుని, ఆ రోళ్ళ మధ్య నుంచే వదిన వెంట బయటపడ్డాడు.

ఇక పులి సంగతి. అది నేను పుట్టించిందే! అడవి కథలో పులి లేకపోతే మీరు కూర్చుంటారా? ఆ రోజు వాళ్ళను ఏదీ తరమలేదు. ముగ్గురూ ఎగతాళి చేసుకుంటూ, తీరిగ్గా నడిచే వెళ్ళారు.