చిన్నదాని తరఫున

ఆ రోజు ఇంట్లో ఆరుగురున్నారు. అమ్మ, నాన్న, పెద్దమ్మాయి, చిన్నది, వాళ్ళ తరఫు లాయరు, విచారణాధికారి పంపిన పరిశీలకురాలు. పొద్దున్నే గది తుడిచి కుర్చీలు సర్దుతూ అమ్మ పెద్దమ్మాయికి ఒకటికి పదిసార్లు చెప్పింది, "నువ్వు మాత్రం నోరు విప్పకు."

చిన్నదానికి ఏడేళ్ళు. వినబడుతుంది, అర్థమవుతుంది, మాట మాత్రం రాదు. మాటలు నేర్పే టీచరు కావాలని అమ్మ అడిగితే, సర్కారు బడివాళ్ళు అక్కర్లేదన్నారు. పిల్ల బాగానే నెట్టుకొస్తోందట. అమ్మ కేసు వేసింది.

పరిశీలకురాలు చిన్నదాని ముందు బొమ్మల అట్టలు పరిచి, "నీకేం కావాలమ్మా?" అంది.

చిన్నది బొటనవేలితో బల్లను గీకింది.

"మంచినీళ్ళు కావాలంటోందండీ," అంటూ పెద్దమ్మాయి గ్లాసు అందించేసింది.

"తన అవసరం చక్కగా చెప్పుకుంటోందే!" పరిశీలకురాలు ముచ్చటపడి రాసుకుంది. లాయరు తల పట్టుకున్నాడు.

అమ్మ పెద్దదాన్ని వంటింట్లోకి లాక్కెళ్ళింది. "ఏమే, చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"దాహమేస్తే గుడ్లప్పగించి చూడమంటావా?"

"ఇంట్లో అందరి నోళ్ళకీ తాళాలేస్తే గానీ ఈ కేసు నెగ్గేట్టు లేదు," అన్నాడు నాన్న గుమ్మంలోంచి.

"మీరూరుకోండి. బళ్ళోనూ ఇదే కదా చేస్తోంది! ఇంటర్వెల్ అవగానే చెల్లెలి క్లాసుకి పరిగెత్తి, అదేం గీకినా టీచరుకి చెప్పి వస్తుంది. వాళ్ళేమో పిల్లకి మాటొచ్చినట్టే రాసుకుంటున్నారు." అమ్మ గొంతు తగ్గింది. "వచ్చే ఏడు నువ్వు హాస్టలుకి పోతావు. అప్పుడెవరే చెప్పేది?"

పెద్దమ్మాయి హాస్టలుకి ఏమేం తీసుకెళ్ళాలో అంతా అనుకుంది గానీ, ఈ సంగతి అనుకోలేదు. కళ్ళు తుడుచుకుని గదిలోకి వెళ్ళింది.

"మేడమ్, ఇందాక చెప్పింది నేను, అది కాదు. నేను లేకుండా మళ్ళీ చూడండి."

పరిశీలకురాలు ఆమెను ఎగాదిగా చూసి, రాసింది కొట్టేసింది.

పెద్దమ్మాయి గడప అవతల నిలబడింది.

"నీకేం కావాలమ్మా?"

చిన్నది చెవి రుద్దుకుంటూ అక్కకేసి చూసింది. ఫ్యాను చప్పుడు పడటం లేదని అక్కకి అర్థమైంది. పెద్దమ్మాయి పెదవులు బిగించింది. చిన్నది మళ్ళీ రుద్దుకుంది, ఈసారి గట్టిగా. పెద్దమ్మాయి తల దించుకుంది.

చిన్నది అట్టలు తోసేసి లేచి వచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది. అక్కను రెండు చేతులా వెనక్కి నెట్టి, ధడాలున తలుపు వేసేసింది.