ఎలకల గదిలో ఏడో నంబరు

తెనాలి అవతల ఆ ఫార్మసీ కాలేజీలో ఎలకల గదంటే అందరికీ హడలే. చీకటి పడ్డాక లోపల ఎవరో నడుస్తారట... పంజరాల తలుపులు కిర్రుమంటాయట. ఆ ఎలకల ఉసురు ఊరికే పోదని హాస్టల్లో వంటచేసే సామ్రాజ్యం కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ చెప్పేది.

దివ్యకి మాత్రం భయపడే ఓపిక కూడా లేదు పాపం. రేపల్లె నుంచి రోజూ రైలెక్కి వచ్చి మూడేళ్ళుగా ఒకటే పని — రెండు రకాల తెల్లెలకలు. రక్తకణాల మీద యాంటిజెన్ అని ఒక గుర్తుంటుంది. ఒక రకం రక్తాన్ని రెండో రకానికి ఎక్కిస్తే, ఇది పరాయిదని కనిపెట్టి ఒళ్ళు యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఆ ఒంటి రక్తంలోంచి తేర్చిన సీరం చుక్కలో పరాయి రక్తం కలిపితే విరిగిన పాలలా గింజలు కడుతుంది. సొంత రకమైతే ఏమీ కాదు.

ఏడో నంబరు ఎలకది సొంత రకం రక్తమే. అయినా ఆర్నెల్లుగా గింజలే! నీ చేతిలోనే ఏదో తప్పుందమ్మా అని గైడు యజ్ఞనారాయణగారు చీవాట్లు. సోమవారం థీసిస్ ఇవ్వాలి. లేకపోతే మూడేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే.

శుక్రవారం రాత్రి ఆఖరి రైలు వదులుకుని మళ్ళీ పరీక్ష చేసింది. మళ్ళీ గింజలే. బల్లమీద తల వాల్చేసింది.

పదకొండు దాటింది. పక్కన ఎలకల గదిలో — అడుగులు.

కిర్రుమని పంజరం తలుపు...

దెయ్యమైతే మాత్రం, నా దగ్గర ఏముందని పీక్కుతింటుందిలే అనుకుంది. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి తలుపు తోసింది.

సెల్‌ఫోను వెలుతుర్లో ఎవరో వంగి ఉన్నారు. మెల్లగా ఇటు తిరిగారు.

శాలేమురాజు. ఎలకలకి మేత వేసే బాపట్ల మనిషి. కాళ్ళ దగ్గర చచ్చిన ఎలక. చేతిలో బతికున్నదొకటి — దాని తోకమీద మార్కరుతో పన్నెండు అని రాస్తున్నాడు.

ఎలక చస్తే మెమో ఇస్తారట. రిటైరవడానికి ఇంకా ఏడాదుందట. అందుకని విడిగా ఉంచిన అదనపు ఎలకల్లోంచి, ఏ రకమో చూడకుండా, చేతికందింది తెచ్చి పెడతాడట.

"అన్నీ తెల్లవే గదమ్మా," అన్నాడు గొణుగుతున్నట్టు.

దివ్యకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తన చేతిలో తప్పు లేదు! ఏడూ పన్నెండూ తీసేసి రాసినా థీసిస్ నిలుస్తుంది.

"ఏడో నంబరు కూడా ఇలాగేనా బాబాయ్?"

 మార్కరుకి మూత పెట్టాడు.

"నేను మార్చినవాట్లో అది మొదటిదమ్మా..."