మూడు డెక్కల చప్పుడు

స్ట్రెల్లిన్ ఊరికి అర మైలు దూరంలో, సరస్సు ఒడ్డున, పాడుబడ్డ ఇటుకబట్టీ ఒకటి ఉండేది. పొద్దు వాలితే అటువైపు ఎవరూ పోయేవారు కాదు.

తొమ్మిదేళ్ళ కిందట బట్టీ కమాను కూలి ఇద్దరు పనివాళ్ళు దాని కింద ఉండిపోయారు. చెడ్డపేరు అప్పటిది. కానీ ఈ ఏడు కోతలయ్యాక మొదలైంది వేరు...

గుర్రం నడిచే చప్పుడు.

టక్... టక్... టక్... ఆ తర్వాత ఏమీ లేదు. మళ్ళీ టక్, టక్, టక్ — మళ్ళీ ఖాళీ. నాలుగు కాళ్ళ జంతువు నడిస్తే నాలుగు వినపడాలి కదా. మూడే వినపడేవి.

చేపలాయన విన్నాడు. పాలమ్మాయి విన్నది. చర్చిలో గంట కొట్టే ముసలాయన ఏకంగా చూశానన్నాడు — నల్లటి ఆడగుర్రం, పైన మనిషి లేడు, పొగమంచులో తల వంచుకుని నిలబడి ఉందట. ఎవరో వస్తానని చెప్పి రానట్టు.

ఇంకేముంది, ఊరంతా ఒకటే మాట. "అది మన దొరగారి ఆమ్సెల్."

ఆమ్సెల్ కథ ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. దివాణంలో ఉండే మేజరు హాసో ఫాన్ స్ట్రెల్లిన్ గారు ఫ్రాన్సు యుద్ధంలో ఆమ్సెల్ మీద కూర్చుని తన గుర్రపుదళాన్ని ఫిరంగుల మీదికి నడిపించారు. గుర్రం ఆయన కిందే కూలిపోయింది. ఆయన బతికి వచ్చారు. ఇనుప శిలువ పతకం వచ్చింది. చచ్చిన గుర్రం ముందు ఎడమకాలి డెక్క తెప్పించి, వెండి మూత పెట్టించి, సిరాబుడ్డి చేయించుకున్నారు. పద్నాలుగేళ్ళుగా అది ఆయన రాతబల్ల మీదే ఉంది.

మూడు డెక్కలే ఎందుకు వినపడుతున్నాయో ఇంక వేరే చెప్పాలా? నాలుగోది దివాణంలో ఉంది మరి.

ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా మేజరు మొహం తిప్పుకునేవాడు. గుర్రం మీద బెంగ అనుకునేవారు జనం. పాపం, ఎంత ప్రేమో అనుకునేవారు.

---

సెయింట్ మార్టిన్ పండుగ నాటి రాత్రి. బల్ల మీద కాల్చిన పెద్దబాతు, ఆపిల్ ముక్కలు, ఎర్ర క్యాబేజీ. బాతు పక్కనే ఆ సిరాబుడ్డి. ఆ ఇంట్లో పండుగ భోజనానికి మొదటి గ్లాసు ఆమ్సెల్ పేరు మీదే ఎత్తాలి. యుద్ధం నుంచి వచ్చిన ఏడాది భార్య ఒటీలియె పెట్టిన ఆనవాయితీ అది.

గోడ మీద పటాల్లో తాత, ముత్తాత, ఒటీలియె తండ్రి జనరల్ గారు — అందరూ కత్తి పిడి మీద చెయ్యి వేసి చూస్తున్నారు. మగవాళ్ళంతా ఒకే గుర్రపుదళం. మేజరూ అంతే. పదేళ్ళకి సైనికుల బడి, పద్దెనిమిదికి లెఫ్టినెంటు, ముప్పైమూడుకి దళపతి. ఇప్పుడు కొడుకు యోబ్స్ట్ వంతు. దళంలో చేరడానికి తెల్లారితే ప్రయాణం.

వంటామె మీనె పళ్ళెం పెడుతూ గుసగుసగా అంది, "అమ్మగారూ, నిన్న మళ్ళీ వినపడిందట. పాలమ్మాయి బిందె అక్కడే పారేసి వచ్చింది."

"బిందెకి కాళ్ళు లేవుగా, రేపు తెచ్చుకుంటుందిలే" అంది ఒటీలియె.

యోబ్స్ట్ నవ్వలేదు. కుర్చీ కింద నుంచి ఇత్తడి బాకా తీశాడు.

"అమ్మా, ఇవాళ నేను బట్టీ దగ్గరికి వెళ్తున్నాను. దళాన్ని ఒకచోటికి చేర్చే కూడిక పిలుపు ఊదుతాను. యుద్ధం అయిపోయాక ఆ పిలుపు ఊదితే మనుషులు పోయిన గుర్రాలు కూడా వచ్చి వాటి వాటి చోట నిలబడతాయంట కదా. అది ఆమ్సెలే అయితే వస్తుంది. దాని డెక్క దానికి ఇచ్చేస్తాను."

"ఆఫీసరు కాబోయేవాడివి, బాకా ఊదుతావా? మీ నాన్నగారి గొప్పకి ఊరంతా ఊదుతూనే ఉంది, నువ్వొకడివే తక్కువయ్యావు!" అంది తల్లి.

"వద్దు" అన్నాడు మేజరు. "బాతు చల్లారిపోతోంది. తిను."

"మీకు బాధగా ఉంటుందని తెలుసు నాన్నగారూ." యోబ్స్ట్ గ్లాసు పట్టుకుని లేచి నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్ళ మొహం, గడ్డం కూడా సరిగ్గా రాలేదు. "కానీ నేనూ మీ కొడుకునే. ఈ డెక్క మీద ఒట్టు. నా గుర్రం నా కింద కూలేదాకా నేను దిగను. ఏమైనా సరే."

"శభాష్!" అంది తల్లి. కళ్ళు మెరిశాయి.

మేజరు గ్లాసు ఎత్తాడు. పెదవికి ఆనించాడు. తాగలేకపోయాడు.

---

భోజనాలు ముగిసిన కాసేపటికే కొడుకు కుర్చీ ఖాళీ. సిరాబుడ్డీ లేదు.

మేజరు కోటు తగిలించుకుని బయటపడ్డాడు. చంద్రుడు ఉన్నాడు గానీ, సరస్సు మీంచి మంచు లేచి దారిని మింగేస్తోంది. పెద్దవాడయ్యాడు, మోకాలు లాగుతోంది. అయినా గబగబా నడిచాడు.

ఆయనకి దెయ్యాలంటే భయం లేదు. ఆ ఒక్క దెయ్యం అంటేనే భయం... దానికి నిజం తెలుసు కాబట్టి.

ఆ రోజు ఫ్రాన్సులో, పాప్లర్ చెట్ల పక్కన పల్లపు దారి. ఫిరంగి గుళ్ళు పడుతున్నాయి. ముందున్న సిపాయి తల ఉన్న చోట ఏమీ లేదు. అప్పుడు ఆయన ఏమన్నాడు? "మీరు నడవండి. జీను పట్టీ వదులైంది, బిగించుకుని వస్తాను" అన్నాడు. దిగాడు.

పట్టీ వదులు కాలేదు.

దళం దాటిపోయింది. బాకా మోగింది. ఆమ్సెల్ చెవులు నిక్కబొడుచుకుంది. ఆయన చేతిలోంచి కళ్ళెం లాక్కుని, ఖాళీ జీనుతో పరుగెత్తి, దళానికి ముందు — ఆయన ఉండాల్సిన చోట — నిలబడి ఫిరంగుల మీదికి పోయింది. ఆయన గుంటలో బోర్లా పడుకున్నాడు. సాయంత్రం దాకా. ఆయన దిగడం చూసినవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు.

తర్వాత కర్నలు గారు కౌగిలించుకుని, "గుర్రం ఏమైంది?" అని అడిగారు. నోటికొచ్చింది అనేశాడు. "నా కిందే కూలిపోయింది." పెద్దాయన కళ్ళు తుడుచుకుని, "డెక్క అయినా ఇంటికి పట్టుకెళ్ళు, ఆడవాళ్ళు దాచుకుంటారు" అన్నారు.

అప్పుడే కూడిక పిలుపు మోగింది. మనుషులు పోయిన గుర్రాలు ఒక్కొక్కటే చీకట్లోంచి వచ్చి వరసలో నిలబడ్డాయి. ఆమ్సెల్ కూడా వచ్చింది. ఒంటి మీద గీత కూడా లేదు.

కర్నలు కంట పడకముందే సేవకుడు యోకెన్ ప్రుట్స్‌ని పిలిచి చెవిలో చెప్పాడు — "చెట్ల వెనక్కి తీసుకెళ్ళి కాల్చెయ్యి. ఒక డెక్క తీసుకురా." యోకెన్ ఒక్కసారి చూశాడంతే. తుపాకీ పేలింది. తెల్లారి గుడ్డలో చుట్టిన డెక్క వచ్చింది.

ఆ డెక్కలోనే కలం ముంచి ఆయన ఇన్నేళ్ళూ ఉత్తరాలు రాశాడు.

---

మంచులో ముందెక్కడో బాకా మోగింది.

పొడుగ్గా... ఆగి... మళ్ళీ పొడుగ్గా. కూడిక పిలుపు.

మేజరు కాళ్ళు ఆగిపోయాయి. కూలిన కమాను నల్లగా కనపడుతోంది. దాని ముందు కొడుకు, ఒక చేతిలో బాకా, ఒక చేతిలో సిరాబుడ్డి.

ఏమీ లేదు. నీళ్ళ చప్పుడు.

తర్వాత —

టక్... టక్... టక్...

ఖాళీ.

టక్... టక్... టక్...

"నాన్నగారూ, మీరా?" కొడుకు గుసగుసలాడాడు. "వింటున్నారా?"

మంచు చీలింది. నల్లటి తల, నుదుట తెల్ల మచ్చ. మూతి చుట్టూ నెరిసిన వెంట్రుకలు. పైన మనిషి లేడు.

యోబ్స్ట్ డెక్కని ముందుకి చాచాడు. "ఆమ్సెల్... ఇదిగో, నీదే..."

అది వాసన చూసింది. మొహం తిప్పుకుంది. అతన్ని దాటి, మేజరు దగ్గరికి వచ్చింది.

ఆయన పక్కన ఆగి, ఎడమ పక్క ఆయన వైపు తిప్పి, కదలకుండా నిలబడింది. ఎక్కడానికి వీలుగా. పట్టీ బిగించుకుని వస్తానన్న మనిషి వచ్చాడు, ఇక ఎక్కుతాడు అన్నట్టు...

వేడి ఊపిరి ఆయన చెయ్యికి తగిలింది. దెయ్యానికి ఊపిరి వేడిగా ఉంటుందా?

యోబ్స్ట్ కిందకి చూశాడు. వేలు పెట్టి లెక్కపెట్టాడు. "ఒకటి... రెండు... మూడు..." ఆగాడు. "నాన్నగారూ. నాలుగున్నాయి."

కమాను వెనక నుంచి లాంతరు వెలిగింది. ముసలి యోకెన్ ప్రుట్స్. బట్టీ మూతపడ్డాక కాపలాదారుగా అక్కడే ఉంటున్నాడు. టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు.

"క్షమించండి దొరగారూ. నాకు చెయ్యి రాలేదు. తుపాకీ గాలిలోకి పేల్చాను. దీన్ని సరస్సు అవతల మా చెల్లెలింట్లో దాచాను. ఇన్నేళ్ళూ బండి లాగింది. ఈ ఏడు ఇక లాగలేదని బావ కటికవాడికి ఇస్తానన్నాడు... అందుకని తెచ్చేశాను. చీకటి పడ్డాకే బయటికి వదిలేవాణ్ణి. ముందు ఎడమకాలి ఇనుప నాడా ఊడిపోయింది. ఇటుకల మీద నడిచినా ఆ కాలు చప్పుడు దూరానికి వినపడదు. కమ్మరి దగ్గరికి తీసుకెళ్దామంటే, దీనికి మొదటి నాడా వేసినవాడే వాడు. గుర్తుపడతాడని భయం."

"మరి ఈ డెక్క?" యోబ్స్ట్ చేతిలోది చూపించాడు.

"అక్కడ పల్లంలో చచ్చి పడున్న గుర్రాల్లో ఒకదానిది, చిన్నదొరా. పేరు తెలీదు."

"కాల్చడమేంటి యోకెన్? యుద్ధంలో కూలింది కదా."

యోకెన్ మేజరు వైపు చూశాడు. పద్నాలుగేళ్ళ కిందట చూసిన చూపే. చూసి, తల దించుకుని, మెల్లిగా అన్నాడు —

"కూలింది, చిన్నదొరా. బాగా దెబ్బ తగిలింది. అది పడే బాధ చూడలేక కాల్చమన్నారు దొరగారు. అది... తర్వాత మానింది."

యోబ్స్ట్ మొహం విప్పారింది. "అయితే బతికిందన్నమాట! నాన్నగారూ, వినండి, బతికింది! ఎక్కడ తగిలింది దెబ్బ? ఇక్కడా?" గుర్రం పక్కటెముకలు, ఛాతీ, మెడ తడుముతున్నాడు. "మచ్చ కూడా లేదే. ఎంత బాగా మానిందో!"

మేజరు గుర్రాన్నీ కొడుకునీ చూశాడు. ఊరుకుంటే చాలు. ఊరుకుంటే రేపు ఇంట్లో పండుగ. ఒటీలియె ఏడుస్తుంది, ఊరు చప్పట్లు కొడుతుంది. కొడుకు సంతోషంగా దళంలో చేరతాడు. ఎక్కడో ఒక పల్లపు దారిలో, అందరూ దిగమన్నా దిగడు.

ముసలి సేవకుడు తన కోసం అబద్ధమాడాడు. మళ్ళీ. అది అన్నిటికంటే ఎక్కువ కాల్చింది.

"తడమకు" అన్నాడు మేజరు.

"ఏం నాన్నగారూ?"

"గాయం లేదు. ఎప్పుడూ లేదు." చెయ్యి జీను ఉండాల్సిన చోట ఆనించాడు. పడిపోకుండా ఉండటానికి. "ఇది కూలలేదు యోబ్స్ట్. నేను దిగాను. పట్టీ వదులైందన్నాను. కాలేదు. ఇది నేను లేకుండానే వెళ్ళింది... నేను గుంటలో పడుకున్నాను."

యోబ్స్ట్ డెక్కని ఇటుకల మీద పెట్టాడు. మెల్లిగా, చప్పుడు కాకుండా. బాకా చంకలో పెట్టుకున్నాడు. తండ్రి మొహం చూడలేదు.

---

రాత్రంతా బట్టీ దగ్గరే గడిపి, తెల్లారుతుండగా ఊళ్ళోకి వచ్చారు. ముందు మేజరు, చేతిలో పగ్గం. పక్కన ఆమ్సెల్. పది అడుగుల వెనక యోబ్స్ట్.

పాలమ్మాయి కెవ్వుమంది. గంట కొట్టే ముసలాయన శిలువ గుర్తు వేసుకున్నాడు. తర్వాత ఒక్కొక్కళ్ళూ వాకిళ్ళలోకి వచ్చి నిలబడ్డారు. కాళ్ళు లెక్కపెట్టుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయనకి బరువైంది.

కమ్మరి హెన్నిగ్ కొలిమి ఊదుతున్నాడు. గుర్రాన్ని చూసి ఊదడం ఆపాడు.

"ఇది... దొరగారూ, ఇది ఏ గుర్రం?"

మేజరు టోపీ తీశాడు. అందరికీ వినపడేలా చెప్పాలనుకున్నాడు. సగం గొంతే వచ్చింది. అంత నిశ్శబ్దంలో అది చాలింది.

"ఆమ్సెల్. ముందు ఎడమకాలికి నాడా లేదు. వెయ్యి."

హెన్నిగ్ ఆయన వంకా, గుర్రం కాలి వంకా చూశాడు. చేతులు ఆడలేదు. అప్పుడు యోబ్స్ట్ వెనక నుంచి వచ్చి, వంగి, ఆ కాలు ఎత్తి తన తొడ మీద పెట్టుకుని పట్టుకున్నాడు. ఇంకా తండ్రి వైపు చూడలేదు. కానీ మేకులు కొట్టినంతసేపూ ఆ కాలు వదల్లేదు.

పని అయ్యాక ఆమ్సెల్ వీధిలోకి నడిచింది.

టక్, టక్, టక్... టక్.

ఆ రోజు నుంచి బట్టీ దగ్గర ఏ చప్పుడూ లేదంటారు. ఆ ఉదయం ఆ నాలుగో చప్పుడికి ఊళ్ళో ఒక్కరూ తలుపు వేసుకోలేదు, అందరూ నిలబడి చూశారు. తలెత్తనిది మేజరు ఒక్కడే.