బస్సుకు రైట్, పంతులమ్మకు రైట్

అరవై మూడులో నిర్మల్ నుంచి ఖానాపూర్ పోయే బస్సుకు నేనే కండక్టర్ని. నేను "రైట్" అన్నానంటే బస్సే కాదు, పక్కన ఆగిన ఎడ్లబండ్లు కూడా కదిలేవి. నమ్మకపోతే మీ ఇష్టం.

ఒక సోమవారం అట్లాగే "రైట్" అన్నాను. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు బురదలో పెట్టి ఓ పిల్ల నిలదీసింది.

"ఏది రైట్? నేనెక్కకముందే బండి పోనిచ్చుడు రైటా?"

"గది తప్పొప్పుల రైట్ కాదు మేడం. మాకు రైట్ అంటే పో అని."

"మా బడిల రైట్ అంటే ఒప్పు. నువ్వేం చదివినవ్?"

"నాలుగు. గది గూడ ఉర్దూల."

ఆమె బాలలక్ష్మి, ఖానాపూర్ బడిలో పంతులమ్మ. మగ్గం నేసే హనుమండ్లు బిడ్డ. ఆ రోజు నుంచి దిగినప్పుడల్లా "ఇగ రైట్, కండక్టర్ సాబ్" అని నవ్వేది. ఆమె ఇంకాసేపు బస్సులో ఉంటుందని, వాన పడితే మెల్లగా నడపమని డ్రైవర్ నాగయ్యను బతిమాలేవాణ్ణి. నాగయ్యకేమో రైట్ అంటే కుడిచెయ్యి. "ఒక్క మాటకు ముగ్గురికి మూడు అర్థాలైతే బండెట్ల నడుస్తదిరా కొండల్" అనేవాడు.

మూడు నెలలకు ధైర్యం చేసి చీటీ రాశాను: 'మా బాపును మీ ఇంటికి పంపాల్నా?' మర్నాడు అదే చీటీ తిరిగొచ్చింది. రెండు అక్షరాలు ఎర్రసిరాతో దిద్ది, కింద ఒకటే మాట రాసింది: రైట్.

నా మాటతోనే నన్ను పొమ్మంది అనుకున్నాను. ఆ వారమే డిపోలో అడిగి, మా ఊరి మీదుగా ఇచ్చోడ పోయే బస్సుకు మారాను.

పదహారో రోజు, నాగయ్యను అడిగి ఆచూకీ తెలుసుకొని, ఆ బస్సులో హనుమండ్లు ఎక్కాడు. వెనక బాలలక్ష్మి.

"మీ బాపు ఎందుకు రాలే?" అంది.

"నువ్వే కద పొమ్మన్నవ్. రైట్ అని."

ఆమె నా టికెట్ల పుస్తకం మీద వేలితో కొట్టింది. "పంతులమ్మ ఎర్రసిరాతోని రాస్తే ఏ రైటు? ఒప్పు. ఒప్పుకున్న అని. వేరే సంబంధమోళ్లు బేస్తారం నాడు వస్తున్నరు. నేనేమో మీ బాపు కోసం వాకిలి చూసుకుంట కూసున్న."

జేబులోంచి ఆ చీటీ తీసి మళ్ళీ చదువుకున్నాను.

"టికెట్లు కొట్టు. మీ ఊరికి రెండు," అన్నాడు హనుమండ్లు.

"మా ఊరికెందుకు?"

"పిలగాన్ని చూడనీకి. నా బిడ్డ నౌకరి జేసే పిల్ల. ఎవలో వచ్చి చూసిపోయేదాక తల వంచుకొని కూసుండదు."

నేను డ్యూటీ దిగాక, మా ఇంట్లో చాప మీద ఆమె తలెత్తి కూర్చుంది. తల వంచుకొని చాయ్ తెచ్చింది నేను.

"వంట వస్తదా?" అంది.

"నేర్చుకుంట."

మా బాపు రామచంద్రం నవ్వు ఆపుకొంటూ, "పిలగాడు నచ్చిండా బిడ్డా?" అన్నాడు.

"నచ్చకపోతే రెండు బస్సులు మారి వస్తమా, మామా?"

మా బాపు మీసం దువ్వి, కండువా భుజాన వేసుకొని వాడకట్టులోకి నడిచాడు. ఇంటింటి ముందూ ఆగి చెప్పాడు:

"జర బయటికి రండ్రి. మావోన్ని చూడనీకి పంతులమ్మ టికెట్ కొనుక్కోని వచ్చింది."