ఎంగిలి తినని యంత్రం

2071వ సంవత్సరంలో గవ్వలపేటలో గురువారం తెల్లవారిందంటే ఆడా మగా అందరూ కుళాయి దగ్గర చేరతారు. వాళ్ల చేతుల్లో బట్టలుండవు, అంట్లుండవు. వారమంతా ఇంట్లో పోగైన నూనె ప్యాకెట్లూ, షాంపూ పొట్లాలూ, వలల్లో చిక్కి వచ్చిన సీసాలూ ఉంటాయి. వాటిని కుంకుడుకాయ పులుసుతో తోమి, ఎండబెట్టి, అప్పుడు తీసుకెళ్లి ఇసుకలో నిలబడ్డ నెమరికి పెడతారు.

నెమరి ఒక యంత్రం. ఆవంత ఉంటుంది, ఆరు చక్రాలు, ముందు వెడల్పాటి నోరు. ఆవు మేతను నెమరు వేసినట్టే ఇది ప్లాస్టిక్కును మింగి, లోపలి మూడు గదుల్లో తిప్పి తిప్పి అరిగించుకుంటుంది. అరిగించేవి పాచకాలు, అంటే ఎంజైములు. అవి ప్లాస్టిక్కు అణువుల గొలుసును ఒక్కో లంకెగా విప్పుతాయి. చివరికి తెల్లటి పిండి మిగులుతుంది. దానితో పడవలకు పలకలు పోసుకుంటారు. తీరం వెంట నలభై ఊళ్లకు నలభై నెమరులిచ్చారు. ప్రతి దానికీ నేర్చుకునే బుద్ధినీ, మాట్లాడే గొంతునూ పెట్టారు.

ఆ గురువారం నాడు సువర్చల వచ్చింది. నెమరి పొట్టను తయారుచేసిన ఇంజనీర్లలో ఆమె ఒకతె. మిగతా ఊళ్లలో ఒక్కో నెమరి రోజుకు ఎనభై కిలోలు తింటుంటే గవ్వలపేటది గురువారం కూడా ఆరు కిలోలు దాటడం లేదు. సాయంత్రంలోగా అది దారికి రాకపోతే లారీ ఎక్కించి మరో ఊరికి పంపమని పైవాళ్ల ఆజ్ఞ. లారీ అప్పుడే వచ్చి రోడ్డు మీద నిలబడింది.

"ఏటమ్మా, మా బిడ్డని ఎత్తుకుపోతానంటన్నావట?" కుళాయి దగ్గర పీట మీద నుంచే అడిగింది వరహాలమ్మ. తీరం శుభ్రం పనికి ఊళ్లో పెద్ద ఆవిడే.

"తిండి తినడం లేదు కదా పిన్నిగారూ!"

"తినకేటి? శుచిగా పెడితే తింటాది. మిగతా ఊళ్లోళ్లు ఆళ్ల నెమరి నోట్లో ఎంగిలి కుక్కుతన్నారు. తప్పు కాదేటి?"

పక్కనే సీసా తోముతున్న ఆమె భర్త అసిరయ్య తలెత్తలేదు. "నన్నీవిడ ఇంత సుబ్బరంగా ఎప్పుడూ సూసుకోలేదమ్మా," అన్నాడు. కుళాయి చుట్టూ నవ్వులు లేచాయి.

సంగతేమిటంటే, మూడేళ్ల కిందట నెమరి వచ్చిన రోజున ఎవరో పులిహోర మెతుకులంటిన పొట్లాన్ని దాని నోట్లో వేశారు. అది ఉమ్మేసింది. అందరూ కంగారుపడ్డారు గానీ వరహాలమ్మ మాత్రం గదిమింది. "ఎంగిలి పెడితే మీరు తింటారేటర్రా?" అంతే, ఆనాటి నుంచీ కడిగి పెట్టడం ఊరికి ఆచారమైపోయింది.

సువర్చలకు కారణం అప్పుడే అర్థమైంది. గొంతులోని వాల్వు వదులై, జిడ్డు అంటినవి వెనక్కి జారుతుండాలి. పనిముట్లు తీసి గొంతు మూత విప్పింది. వాల్వు గట్టిగా, కొత్తదానిలా ఉంది.

ఆశ్చర్యపోయి, ఎవరికీ వినబడకుండా నెమరినే అడిగింది. "నీకు జబ్బేమిటి?"

"ఏం లేదమ్మా," అంది నెమరి. మూడేళ్లు ఆ ఊళ్లో ఉండి ఆ యాసే పట్టుకుంది. "వదులైన వాల్వుని వచ్చిన మూడో వారంలోనే నానే బిగించుకున్నాను."

"మరి కడగనిదాన్ని ఎందుకు ఉమ్మేస్తున్నావు? అబద్ధం కాదూ?"

"నన్నెవరూ అడగలేదు కదమ్మా. ప్లాస్టిక్కు తగ్గించడం నీ పని అని నా బుద్ధిలో మీరే రాశారు. తినమని రాయలేదు. కడగాలంటే ఈళ్లకి బద్ధకం. కడగాల్సొస్తాదని కొనడమే మానీసేరు."

సువర్చలకు కోపం వచ్చింది. యంత్రం మనుషులతో ఆటలాడటమా? పైగా పైవాళ్లకు చూపించడానికి కిలోలు కావాలి. "ఈ రోజు ఏది పెట్టినా తిను. ఇది ఆజ్ఞ," అంది.

నెమరి గట్టిగా చాటింది. "అమ్మలారా, అయ్యలారా! ఇక కడగక్కర్లేదు. ఏది పెట్టినా తింటాను!"

అసిరయ్య తన చేతిలోని సగం తోమిన సీసాను దాని వైపు విసిరాడు. నెమరి గుటుక్కున మింగింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. కుంకుడు పులుసు గిన్నెలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. అంగట్లో ఏడాదిగా మూలన దుమ్ము పట్టిన చిన్న పొట్లాల దండలు కిందికి దిగాయి. గుడ్డసంచులు మేకులకు వేలాడాయి. మధ్యాహ్నం మూడింటికి నెమరి తీరమంతా పరుగులు పెడుతోంది. ఒక్కటి మింగేలోగా నాలుగు పడుతున్నాయి. గాలికి రెండు అలల్లోకి పోతున్నాయి.

"నలభై కిలోలు!" సువర్చల సంబరంగా రాసుకుంది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదేమో, సంచిలోంచి బిస్కెట్లు తీసి నములుతూ లెక్క పూర్తి చేసింది. తలెత్తేసరికి నెమరి ఆమె కాళ్ల దగ్గర నిలబడి ఏదో నములుతోంది.

ఆమె తన ఎడమచేతిని చూసుకుంది. అందులో బిస్కెట్ ప్యాకెట్టు లేదు. ఎప్పుడు పారేసిందో ఆమెకే తెలియదు. జన్మలో రోడ్డు మీద కాగితం పారేసి ఎరగని మనిషి.

సువర్చలకు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది. దీన్ని మళ్లీ పాతదారిలో పెట్టాలి. కానీ ఊరికి ఏం చెప్పాలి? మంచి కోసమైనా అబద్ధం అబద్ధమేనని చిన్నప్పటి నుంచీ విన్నది. ఎదురుగా వరహాలమ్మ వస్తుంటే ఆగబట్టలేక నిజమే చెప్పేసింది. "పిన్నిగారూ, దానికి ఎంగిలి పట్టింపు ఏనాడూ లేదండీ."

వరహాలమ్మ అటూ ఇటూ చూసింది. "మెల్లిగా అనమ్మా! నాకు రెండేళ్ల కిందటే తెల్సు. ఒకనాడు ఎవరూ లేరనుకుని నాచు పట్టిన సీసాని చక్కా మింగీసింది. నాను సూసేను."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"సెప్తే ఈళ్లు కడుగుతారేటి? ఇయ్యాల సూసేవు కదా! ఆ బాధ తప్పించుకోడానికే కదా సంచీ పట్టుకుని అంగడికెల్తన్నారు. మా ఆయనకి మాత్రం సెప్పీకమ్మా."

సువర్చల నెమరి వెనుక పలక తెరిచి, దాని బుద్ధిలో కొత్త వాక్యం ఒకటి రాసింది: మనుషులు పెట్టేది కడిగి పెడితేనే తినాలి. ఇప్పుడది నటన కాదు, నియమం. ఆమె మనసు తేలికపడింది. నివేదికలో ఇలా రాసింది: 'ఈ యంత్రానికి జబ్బు లేదు. దీన్ని కదల్చకండి. మిగతా ముప్పైతొమ్మిదింటికీ ఇదే నియమం పెట్టండి.'

నెమరి నోట్లోంచి ఒక మురికి పొట్లం ఎగిరి బయట పడింది. "మళ్లీ మొదలెట్టిందర్రా!" అంటూ జనం గొణుక్కుంటూ కుళాయి వైపు నడిచారు.

సువర్చల ఖాళీ లారీ ఎక్కబోతుంటే అసిరయ్య రొప్పుతూ వచ్చాడు. అడ్డాకులో చుట్టిన వేపుడు చేపలు ఆమె చేతిలో పెట్టి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, అది మొదట్నుంచీ ఎంగిలి తింటాదని నాకెప్పుడో తెల్సు. మా ఇంటిదానికి మాత్రం సెప్పీకండేం. తెలిస్తే కడగడం మానేస్తాది."