వీపు మీద పన్నెండు గడులు

ఫొటోలో శవం బోర్లా పడుకుని ఉంది. గూఢచారి శాఖకు శవాలు కొత్త కాదు. కాకపోతే ఈ శవానికి ముఖం కన్నా వీపు ముఖ్యం.

నడివీపున పన్నెండు చిన్న గడులు. మూడు వరుసలు, వరుసకు నాలుగు. కొన్ని ఎర్రగా కందాయి, కొన్ని మామూలుగానే ఉన్నాయి.

"సరిహద్దు అవతల, స్విమ్మింగ్ పూల్లో బట్టలు మార్చుకునే గదిలో దొరికాడు," అన్నాడు పెద్దాయన. శాఖకు ఆయనే అధిపతి. "సంచిలో ఏమీ లేదు. ఒంటి మీద ఇది తప్ప ఇంకేమీ లేదు. ఏమనిపిస్తోంది?"

అడిగింది తాబేలుని. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఏనాడూ పరిగెత్తకుండా, ఏ పనీ చెడగొట్టకుండా నెట్టుకొచ్చినందుకు శాఖ అతనికిచ్చిన బిరుదు అది. తాబేలు పక్కనున్న స్టోర్ బాబాయ్ వైపు చూశాడు. పనిముట్ల గది చూసే ఆ ముసలాయనకు తెలియని యంత్రం లేదు.

"సన్‌స్క్రీన్ టెస్టురా అబ్బాయ్," అన్నాడు బాబాయ్. "వాలంటీరు వీపు మీద గడులు గీసి క్రీము పూస్తారు. పావుగంట ఆరనిచ్చి అల్ట్రావయొలెట్ దీపం పెడతారు. మొదటి గడికి కాస్త, రెండోదానికి ఇంకాస్త, అలా పెంచుకుంటూ పోతారు. మర్నాటికి ఏ గడి దగ్గర కందడం మొదలైందో చూస్తే క్రీము సత్తా తెలిసిపోతుంది."

బాబాయ్ జేబులోంచి ఎండ తగిలితే రంగు మారే రెండు తెల్ల పూసలు తీశాడు. ఒకదానికి ప్రతి ఇంట్లో అద్దం ముందుండే ఆ పేరుమోసిన క్రీము పూశాడు. రెండోదానికి మామూలు వెన్నపూస లాంటి లోషన్ పూశాడు. రెండింటినీ కిటికీలో ఎండకు పెట్టాడు. లోషన్ పూస క్షణంలో వంకాయ రంగుకు తిరిగింది. క్రీము పూస తెల్లగానే ఉంది.

తాబేలు మళ్ళీ ఫొటో చూశాడు. "మోతాదు పెరుగుతూ పోతే, ఒకసారి కందాక తర్వాతి గడులన్నీ కందాలి కదా బాబాయ్? ఇక్కడ మొదటి వరుసలో మూడు ఎర్రవి, రెండోదాంట్లో ఒకటి, మూడోదాంట్లో రెండు. ఇది టెస్టు కాదు. కందాల్సిన గడికి లోషన్, కందకూడని గడికి క్రీము పూశారు. ఇది ఉత్తరం."

"మూడు వందల పన్నెండు," అన్నాడు పెద్దాయన.

అవతలి నగరంలో వెయ్యి ఫ్లాట్ల కాలనీ ఒకటుంది. ఒకే దళారి దగ్గరైతే కాగితాల పని తక్కువని శాఖ తన మనుషులిద్దరినీ అందులోనే పెట్టింది. వాళ్ళు ఆ కాలనీలో ఉన్నారని శత్రువుకు తెలుసు, ఏ ఫ్లాటో తెలియదు. మొన్న మూడు వందల పన్నెండు తలుపు బద్దలైంది. లోపలి మనిషి మళ్ళీ కనబడలేదు.

రెండో మనిషి తాబేలు తమ్ముడు. శాఖలో చేర్చిందీ అన్నే, రెండు వందల పద్నాలుగులో దింపి వచ్చిందీ అన్నే.

"ఆ నంబర్లు ఎవరికి తెలుసు సార్?"

"నాకు, నీకు, పైనున్న దేవుడికి. ఎక్కడో కన్నం ఉంది, అది ఈ క్రీము టెస్టులు చేసే ల్యాబు వైపే అనుకుంటున్నా. నువ్వు వాలంటీరుగా చేరు. అక్కడి డాక్టరమ్మ శత్రువు జీతం తింటుంది, మన పని చేస్తుంది. నీ వీపు మీద దొంగ నంబరు వేస్తుంది. వాలంటీర్లకు కానుకగా ఓడ ప్రయాణం, పూల్లో ఒక పూట ఇస్తారు. అక్కడ మాలిష్ చేసేవాడు వీపు చదువుతాడు. వాడు చదివే క్షణంలో మనవాళ్ళు వాణ్ణి పట్టుకుంటారు. ఫోను, కెమెరా ఏమీ వద్దు."

"మా తమ్ముడికి ఒక్క కబురు..."

"కబుర్లు నా ద్వారానే. రూల్ నీకు తెలుసు."

తెలుసు. తాబేలు లేచాడు.

*

ల్యాబు ఆస్పత్రిలాగా శుభ్రంగా ఉంది. డాక్టరమ్మ ఎంత అందంగా ఉందంటే, గదిలో వాలంటీర్లంతా వీపులు ఆమె వైపు పెట్టాల్సి వచ్చినందుకు లోలోపల ఏడుస్తున్నారు.

"ఇవాళ మబ్బు పట్టేలా ఉందా?" అంది.

"మబ్బులోనూ ఎండ ఉంటుంది," అన్నాడు తాబేలు. కోడ్ కలిసింది.

ఆమె పెన్నుతో గడులు గీసింది. చిన్న తక్కెడలో తూచిన క్రీముని వేలికి తొడుగు వేసుకుని గడి గడికీ చల్లగా అద్దింది. చేయి రెండు గిన్నెల మధ్య తిరుగుతోందని అతనికి చప్పుడుని బట్టి తెలుస్తోంది. ఏ గడికి ఏ గిన్నెదో మాత్రం తెలియడం లేదు. ఊళ్ళో అందరి గుట్టూ చదివేవాడు సొంత వీపు చదువుకోలేడు.

"నొప్పి ఉండదు," అంది డాక్టరమ్మ దీపం దగ్గరికి లాగుతూ. "రేపటికి కాస్త మంట."

మర్నాడు పొద్దున్నే తాబేలు, డాక్టరమ్మ ఓడ ఎక్కారు. భార్యాభర్తల వేషం. ఆమె నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పత్రిక తిరగేస్తోంది. తాబేలు గడ్డం గీసుకునే అద్దం జేబులో వేసుకుని బాత్రూములోకి వెళ్ళాడు. దొంగ నంబరెంతో చూద్దామన్న కుతూహలం, అంతే. చొక్కా విప్పి గోడ అద్దానికి వీపు పెట్టి, చేతి అద్దంలోకి చూశాడు.

మొదటి వరుసలో రెండు ఎర్రవి. రెండోదాంట్లో ఒకటి. మూడో వరుస మొత్తం నాలుగూ.

రెండు వందల పద్నాలుగు.

మళ్ళీ లెక్కపెట్టాడు. అద్దంలో కుడి ఎడమలు తారుమారైనా లెక్క తారుమారు కాదు. తను చెప్పలేదు. దేవుడికి ఇలాంటి పనులు చేతకావు. మిగిలింది ఒక్కడే.

అప్పుడు అర్థమైంది. పెద్దాయన ఫోను, ఉత్తరాలు, ఇంటి గేటు కూడా శాఖ కనిపెడుతూనే ఉంటుంది. ఆ రూల్ పెట్టిందే ఆయన. కనుక నంబరు దాటించడానికి ఆయనకు ఒక వీపు కావాలి. ఇరవై రెండేళ్ళుగా చెప్పిన చోటికి ఎందుకని అడక్కుండా వెళ్ళిన వీపు ఆయన బల్ల ముందే ఉంది. పూల్లో పట్టుకోవడానికి మనవాళ్ళెవరూ ఉండరు. తమ్ముడి చావుని అన్న వీపు మీదే మోయించాడు. తాబేలు చొక్కా తొడుక్కున్నాడు.

బయటికి వచ్చి డాక్టరమ్మ పక్కన కూర్చున్నాడు.

"చూసుకున్నావా?" అంది పత్రికలోంచి తలెత్తకుండా.

"అది దొంగ నంబరు కాదు."

"నాకు కాగితం మీద గడులిస్తారు. అలాగే అద్దుతాను. అదేంటో నేనడగను."

"అందులో మా తమ్ముడున్నాడు."

ఆమె పేజీ తిప్పింది. "రేవులో వాళ్ళ మనుషులిద్దరుంటారు," అంది. "పారిపోతే ఎటు పరిగెత్తావో చూసి అక్కడికే వెళ్తారు. ఊరికే చచ్చిపోకు." ఇంకో పేజీ తిప్పి, "నీ ముందు చచ్చినవాణ్ణీ నేనే తెచ్చాను. ఇదే ఓడలో నాకు రెండు సార్లు కాఫీ తెచ్చిచ్చాడు. వాడి పేరు కూడా అడగలేదు నేను," అంది.

*

రేవులో ఇద్దరూ ఉన్నారు. పూల్ దాకా వెనకాలే వచ్చారు. మాలిష్ బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి ఉంది. బల్ల పక్కన బొద్దుగా, నవ్వుతూ ఒకడు చేతులకు నూనె రాసుకుంటున్నాడు.

"ముందు స్నానం చేసి రండి సార్. చెమట మీద నూనె పట్టదు."

స్నానాల గదిలో రెండు పంపులు. ఎర్ర చుక్కది బాయిలర్ నీళ్ళు. చల్లనీళ్ళు కలపకుండా తిప్పొద్దని గోడ మీద హెచ్చరిక. తాబేలు తలుపు గడియ పెట్టి, నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. పాతిక మందితో కొట్టించుకున్నా నోరు విప్పని మనిషి. అయినా ఎర్ర పంపు మీద చెయ్యి వేశాక ఒక్క క్షణం ఆగాడు. బయట మాలిష్‌వాడు తలుపు తట్టాడు.

"అయిందా సార్?"

తిప్పాడు.

తువ్వాలు కేకను ఆపలేకపోయింది. తలుపు అవతల అడుగులు పరిగెత్తుకొచ్చాయి, భుజంతో గుద్దుతున్నారు. డాక్టరమ్మ గొంతు గట్టిగా వినబడింది. "తప్పుకోండి! నేను డాక్టర్ని, నేను చూస్తాను!" గడియ ఊడేలోపు ఆమె వాళ్ళకు అడ్డం నిలబడింది. తలుపు ఊడాక మాలిష్‌వాడు ఆమె భుజం మీంచి తొంగిచూశాడు. వాడి కళ్ళు వీపంతా వెతికాయి. అక్కడ వరుసల్లేవు, గడుల్లేవు. బొబ్బలెక్కిన ఒకే ఎరుపు.

ఈతకొచ్చిన జనం పోగయ్యారు. పిల్లలు ఏడుస్తున్నారు. డాక్టరమ్మ తడిదుప్పటి కప్పుతూ అతని చెవిలో, "వెనక గేటు. నేను ముందు గేటుకి వెళ్తాను. గడులు గుర్తున్నది నాకే, వీళ్ళకు ఇప్పుడు నేనే కావాలి," అంది.

ఆమె నడిచింది. ఆ ఇద్దరూ ఆమె వెనకాలే వెళ్ళారు. తర్వాత ఆమె ఏమైందో ఏ ఫైల్లోనూ లేదు. ఆమె పేరు కూడా అతను అడగలేదు.

రెండు వందల పద్నాలుగు తలుపు తీసిన తమ్ముడికి తడిదుప్పటిలో వణుకుతున్న మనిషిని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

"అన్నయ్యా! ఏంటిది?"

"చెప్పులేసుకో. పద."

జీవితంలో మొదటిసారి తాబేలు పరిగెత్తాడు. సాయంత్రం ఓడ కదలబోతుండగా ఇద్దరూ ఎక్కారు.

*

విచారణ సంఘం ఆస్పత్రికే వచ్చింది. ముగ్గురు మర్యాదస్తులు. తాబేలు బోర్లా పడుకుని అంతా చెప్పాడు. వాళ్ళు ఓపికగా విన్నారు.

"రుజువు?"

"నా వీపు మీద ఉండేది."

చర్మం డాక్టరుని పిలిపించారు. ఆయన కట్టు విప్పి, లైటు దగ్గరికి లాగి చూసి, కాలిన గాయం తప్ప ఏ గుర్తూ లేదని రాసిచ్చాడు. ఫైలు మూసేశారు.

మర్నాడు పెద్దాయన వచ్చాడు. మంచం అంచున కూర్చుని తాబేలు జుట్టు నిమిరాడు.

"ఎంత పని చేశావురా. కాస్త జాగ్రత్తగా ఉండాల్సింది." జేబులోంచి ఆ పేరుమోసిన క్రీము తీసి బల్ల మీద పెట్టాడు. "చర్మం కొత్తగా వస్తుంది కదా. ఎండ తగలనివ్వకు. నీలాంటివాళ్ళు శాఖకు ఇంకా కావాలి."

తాబేలు దిండులోంచి ఒక కన్నుతో చూశాడు. పెద్దాయన వెళ్ళిపోయాడు. కారిడార్లో నర్సులు ఆయనకు నమస్కారం చెప్పడం వినబడింది.

ఉద్యోగానికి రాజీనామా రాసిచ్చి వచ్చిన తమ్ముడు మంచం పక్కనే ఉన్నాడు. కోపంతో ఆ ట్యూబు అందుకుని కిటికీ తెరిచాడు.

"పారేయనా అన్నయ్యా?"

"వద్దురా, ఉండనీ," అన్నాడు తాబేలు. "ఈ మొత్తం వ్యవహారంలో చేస్తానన్న పని సరిగ్గా చేసింది అదొక్కటే."